తాగుడు మానల్లంటే తోడు కావల్ల – ఆ తోడు యాడ దొరుకుతాది?

"తాగుడు మాన్పించే మందు యాడన్నా ఉందాప్పా?" మా అనంతపురం పల్లెల్లో ఆడోళ్లు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది. ఆకు పసరు పోపిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, బిడ్డల మీద ఒట్టు ఏపిస్తారు. అయ్యప్ప మాల ఏసుకుంటే 41 రోజులు మనిషి బంగారం. మాల తీసినాక కొందరు నిలబడతారు, శానామంది మళ్లా అంగడి కాడికే పోతారు. నాకు తెలిసి దీనికి పెద్ద కారణం ఒకటుండాది. మాలలో ఉన్నన్నాళ్లు పొద్దున, సాయంత్రం పక్కన గురుసామి, తోటి సాములు ఉంటారు. మాల తీసినాక ఎవురి దావ వాళ్లది.

ఆ తోడును ఏండ్ల తరబడి నిలబెట్టే ఏర్పాటు ఒకటుండాది. పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. పొట్టిగా ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊర్లో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలుపెట్టినారు. ఒకాయన బిల్ విల్సన్, షేర్ల యాపారంలో ఉన్నోడు. పని చెడిపోయి, పరాయి ఊర్లో మళ్లా తాగుతానేమోనని భయపడి, ఇంకో తాగుబోతుతో మాట్లాడల్లని ఫోన్ల మీద ఫోన్లు చేసినాడు. అట్ల దొరికిన మనిషి బాబ్ స్మిత్ అనే డాక్టరు. డాక్టరై ఉండి కూడా తన తాగుడు తాను మానలేకపోయినాడు. ఒకరి బాధ ఒకరు చెప్పుకుంటా ఇద్దరూ నిలబడినారు. మన దేశానికి ఇది 1957లో బొంబాయికి వచ్చింది.

మీటింగులో ఏం జరుగుతాదని శానామందికి అనుమానం. గంటా గంటన్నర కూర్చుంటారు. తాగి ఏం పోగొట్టుకున్నారో, ఈ పొద్దు తాగకుండా ఎట్ల ఉన్నారో చెప్పుకుంటారు. నీతులు చెప్పేవాళ్లు ఉండరు. ఫీజు లేదు. ఇంటిపేరు, కులం, పని అడగరు. తాగుడు మానల్లనే కోరిక ఒక్కటే అర్హత. శానా తావుల చర్చి గదుల్లో, బడుల్లో జరుగుతాయి గాని అది ఏ మతానిదీ కాదు. జాగా దొరికింది కాబట్టి ఆడ పెట్టుకుంటారు, అంతే. దేవుని మాట వస్తాది, ఆ దేవుడు ఎవురనేది నీ ఇష్టం.

దీనికన్నా ముందు ఒక మాట గట్టిగా చెప్పల్ల. ఏండ్ల తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి గడియ ఏసి మాన్పిస్తామనుకోవద్దండి. ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్సు వస్తాయి, లేనివి కనపడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ముందు డాక్టరుకు చూపించల్ల. అనంతపురం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగముండాది. దానికి 'పిచ్చి డాక్టరు' అని పేరు పెట్టి మనోళ్లు పోరు. ఆ నామోషీతోనే మనుషులు సస్తాండారు.

ఇంగ మీటింగు ఎట్ల ఎతుక్కోవల్ల? 14446 కేంద్ర ప్రభుత్వం నడిపే మత్తు విడుపు హెల్ప్‌లైను. 14416 టెలీ మానస్, రాత్రయినా పగలైనా పలుకుతాది, తెలుగులో మాట్లాడొచ్చు. రెండిటికీ డబ్బు లేదు. "మా ఊరికి దగ్గర్లో ఏఏ మీటింగు ఏ రోజు, ఏ భాషలో, యాడ జరుగుతాది?" అని సూటిగా అడగండి. ఆసుపత్రిలో డాక్టరును గూడా ఇదే అడగండి. వానల్లేక, సేన్లు ఎండి, పనికి బెంగుళూరు పోయిన మనోళ్లు శానామంది ఉండారు. ఆ ఊర్లో ఏఏ గుంపులు ఎన్నో ఉండాయి. ఆడికి పోయినోళ్లు ఆడనే ఎతుక్కోవచ్చు. ఫోన్లో నడిచే మీటింగులు గూడా ఉండాయి. మొదటిసారి పోతే తిరిగి చూడబుద్ధి కాకపోవచ్చు. ఒక్కదానితో తేల్చుకోకుండా నాలుగైదుసార్లు పోయి చూడల్ల.

"ఊర్లో అందరికీ తెలిసిపోతాది" అనే భయం నిజమైనదే. అయితే ఆ మనిషి తాగి సందులో పడిపోయింది ఊరంతా చూసిందే గదప్పా! మాననీకి పోతున్నాడని తెలిస్తే తలొంచుకోవాల్సిందేముంది?

ఇంట్లోవాళ్లకు గూడా ఒక తావుండాది. 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ తాగేవాళ్ల కుటుంబాల కోసమే. మొగుడు మానినా మానకపోయినా పెండ్లాం పోవచ్చు. తన్నులు తిని, అప్పులు కట్టి, "నా తప్పేమో" అని కుమిలే ఆడమనిషికి అట్లాంటిదే ఇంకొకరు పక్కన కూర్చుంటే గుండె కుదుటపడతాది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు లేస్తే, 1993లో సారా బందయింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించినారు. అంగళ్లు మూసినప్పుడు గూడా తాగుడుకు బానిసైన మనిషిని పట్టుకునే చేయి పల్లెల్లో లేకపోయింది. ఇప్పుడు మందు అమ్మకంతో సర్కారు ఖజానాకు ఆదాయం వస్తానే ఉండాది. అందులోనుంచి మండలానికొక ఆసుపత్రి గదిని వారానికొక సాయంత్రం ఇలాంటి గుంపులకు ఇయ్యమని నేను అడుగుతాండా. పెద్ద ఖర్చేం కాదు.

అంతవరకు ఆగాల్సిన పని గూడా లేదు. మానల్లనుకునే ఇద్దరు ముగ్గురు కూడితే దాన్ని ఏఏ గుంపు అనుకోవచ్చని వాళ్ల సంప్రదాయమే చెప్తాది. మీ ఊర్లో మానినోడు ఒకడుంటే, మానల్లనుకునేవాణ్ని ఈ ఆదివారం ఆయప్ప కాడికి తీసకపోండి.