టీకాను మోయు వైరసు

గాలికుంటు సోకిన ఎద్దు నోట చొంగ కార్చుచు, గిట్టల నడుమ పుండ్లతో దుక్కికి పనికిరాక నిలబడిపోవుట మీరెరుగుదురు. పాడి ఆవు బ్రతికి బయటపడినను పాలు తగ్గిపోవును. ఇది వైరసు వలన వచ్చు రోగము. నేడు వేయుచున్న టీకా ఆ వైరసునే పెంచి, మందుతో నిర్జీవము చేసి తయారు చేసినది. టీకా మంచిదే, చిక్కంతయు తయారీలో ఉన్నది. నిర్జీవము చేయుటకు ముందు ప్రాణమున్న వైరసును పీపాలకొలది పెంచవలెను. 2007లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ వద్ద, పరిశోధనశాలయు టీకా కర్మాగారమును ఉన్న ఆవరణ నుండి మురుగు గొట్టముల ద్వారా వైరసు బయటపడి చుట్టుపట్ల పశువులకు రోగము తగిలినదని విచారణలో చాలవరకు తేలినది.

ఈ బెడద లేని మార్గము కొరకు శాస్త్రజ్ఞులు మరియొక వైరసును చేరదీసిరి. ఇది పశువులను గాక బాక్టీరియాలను పట్టునది. దీనిని బాక్టీరియోఫేజి, లేక క్లుప్తముగా ఫేజి అందురు. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ దీనిని కనుగొనిరి. పశువుల కణములలో ఇది పెరుగజాలదు. పేడలో, మురుగునీటిలో కోట్లకొలది ఉండనే ఉన్నది గనుక పేరు విని భయపడనక్కరలేదు.

టి4 అను ఫేజి తలపై 'సాక్' అను మాంసకృత్తు 870 ప్రతులు, 'హాక్' అనునది 155 ప్రతులు అంటుకొని ఉండును. ఇవి లేకున్నను ఫేజి బ్రతుకగలదు. కనుక వీనికి గాలికుంటు వైరసు పైపొరలోని ముక్కను అతికించి తలకు తొడుగవచ్చును. ముక్క ఒంటరిగా రోగము తేలేదు. కాని అన్ని ముక్కలు ఒకేచోట బారులు తీరి కనబడగానే పశువు శరీరము శత్రువు వచ్చెనని ఎంచి ప్రతిరక్షకములను సిద్ధము చేయును. చేనిలోని బెదురుబొమ్మను చూచి పిట్టలు లేచిపోవునట్లన్నమాట. పిట్టలు నాలుగు నాళ్లకు మోసము గ్రహించును. శరీరము మాత్రము పోలికను గుర్తుంచుకొనును.

2008లో చైనా శాస్త్రజ్ఞులు ఇట్టి ఫేజిని చిట్టెలుకలకు నోటి ద్వారా ఇచ్చి గాలికుంటు నుండి కాపాడగలిగిరి. వాషింగ్టనులో వెనిగళ్ళ రావుగారి బృందము ఇదే టి4పై కోవిడ్ వైరసు ముక్కలను అమర్చి, 2021లో చిట్టెలుకలపై ఫలితములను ప్రకటించినది.

అయితే ఎలుక వేరు, ఎద్దు వేరు. ముక్కతో కలుగు రక్షణ పూర్తి వైరసుతో కలుగు దానికి సరితూగుట కష్టము. మన టీకాలో ఓ, ఏ, ఏసియా-1 అను మూడు రకములకు రక్షణ ఉండవలెను. ఫేజిని పెంచిన బాక్టీరియాల విషమును పూర్తిగా తొలగింపవలెను; పల్లెకు చౌకగా అందవలసిన పశువుల టీకాకు ఈ శుద్ధి ఖర్చే పెద్ద అడ్డంకి అని నా అభిప్రాయము.

కావున దానికై ఎదురుచూచుచు ఇప్పటి టీకాను మానరాదు. దూడకు నాలుగు నెలలు నిండగానే మొదటిసారి, నెల తరువాత మరల, అటుపిమ్మట ఆరు నెలలకొకసారి వేయించుడు. మందును 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను గాని గడ్డకట్టనీయరాదు. గ్రామోద్యోగులు టీకా దినమును ముందురోజే చాటింపు వేయించి, మందలు మేతకు పోకముందే కట్టివేయించవలెను.