రైలు వదిలేసిన దారిలో సైకిలు

సైకిలు అంటే మనలో ఎవరికి ఇష్టం లేదు చెప్పండి. కానీ కొండల్లో ఊళ్లున్న మనకు సైకిలుతో ఒక తిప్పలుంది. దిగేటప్పుడు బ్రేకు గుటకలు అరిగిపోతాయి. ఎక్కేటప్పుడు సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని తోసుకుంటూ పోవాలి. పోనీ తారు రోడ్డు మీదికి వద్దామంటే జీపులు, లారీలు, మలుపులో హారన్ కూడా కొట్టని టూరిస్టు కార్లు.

కొండల్లో, నదుల పక్కన, ఎదురుగా ఒక్క మోటారు బండి రాకుండా, ఎక్కడా దిగి తొయ్యకుండా సుమారు 540 కిలోమీటర్లు సైకిలు తొక్కవచ్చు అంటే నమ్ముతారా? విశాఖపట్నం నుంచి కిరండోల్ దాకా పాసింజరు పోయే దూరం కన్నా ఎక్కువ. అలాంటి దారి అమెరికాలో ఉంది. కొండల్లో అది ఎలా వీలైందో ఈ వ్యాసంలో చూద్దాం.

లైబ్రరీలోని అట్లాసు తీసి అమెరికా తూర్పు వైపు చూడండి. సముద్రం ఒడ్డుకు కొంచెం లోపలగా ఒక కొండల వరస కనిపిస్తుంది. అవి అపలేచియన్ పర్వతాలు. మన తూర్పు కనుమల్లాగే చాలా పాతవి, వానలకు అరిగిపోయినవి. అందులో ఒక భాగం అలిగేనీ కొండలు. వాటికి పడమట పిట్స్‌బర్గ్ అనే ఉక్కు నగరం, తూర్పున రాజధాని వాషింగ్టన్, నడుమ కంబర్లాండ్ అనే ఊరు ఉన్నాయి. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వరకు 150 మైళ్లు పాత రైలు కట్ట. దాన్ని గ్రేట్ అలిగేనీ ప్యాసేజ్ అంటారు. అక్కడి నుంచి వాషింగ్టన్ వరకు 184.5 మైళ్లు చెసపీక్ అండ్ ఒహాయో అనే పాత కాలవ గట్టు. రైలూ లేదు, కాలవలో పడవలూ లేవు. దారి మాత్రం మిగిలింది.

ఈ దారి కిటుకంతా వాలులో ఉంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం గట్టిగా పట్టు నిలవదు, జారుతుంది. అందుకని రైలు నిటారుగా ఎక్కలేదు. రైలు దారి వేసే ఇంజనీర్లు కొండను ఎదురుగా ఎక్కరు. నది ఎక్కడ పారుతోందో చూసి దాని పక్కనే పోతారు. గుట్ట అడ్డం వస్తే తొలుస్తారు, లోయ అడ్డం వస్తే వంతెన కడతారు. మన కొత్తవలస-కిరండోల్ లైను చూడండి. శృంగవరపుకోట దాటిన దగ్గర నుంచి సొరంగం తరవాత సొరంగంలో దూరుకుంటూ శిమిలిగుడ స్టేషన్ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఇంత ఎక్కినా దాని వాలు 60కి 1 మించదు. అంటే 60 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి పోయినట్టు. బండిలో కూర్చున్నవాడికి ఎక్కుతున్న సంగతే తెలియదు.

ఆ అమెరికా దారిలో అన్నిటికన్నా ఎక్కువ వాలు కంబర్లాండ్ వైపు ఉంది. అది వంద అడుగులకు ఒకటీ ముప్పాతిక అడుగు, అంటే 57కి 1. దాదాపు మన కేకే లైను వాలే! కంబర్లాండ్ సుమారు 600 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి 24 మైళ్లు తొక్కితే 2,392 అడుగుల ఎత్తుకు చేరతారు. అదే ఈ దారి శిఖరం. ఇక పిట్స్‌బర్గ్ వైపు 126 మైళ్లూ దిగుడే, కానీ సగటున 400 అడుగులకు ఒక్క అడుగే దిగుతుంది. దిగుతున్నామో సమంగా పోతున్నామో పోల్చుకోవడం కూడా కష్టం.

సైన్సు మాస్టారు చెప్పిన వాలుతలం పాఠం గుర్తు తెచ్చుకోండి. సైకిలుతో సహా మన బరువు 70 కిలోలు అనుకుందాం. 60కి 1 వాలులో ఎక్కడానికి కావలసిన అదనపు బలం 70ని 60తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు ఒకటింబావు కిలో బరువును లాగినంత. అదే 12కి 1 వాలైతే దాదాపు ఆరు కిలోలు. గేర్లు లేని మామూలు సైకిలు మీద ఆరు కిలోలు గంటసేపు లాగగలిగినవాడు మన హాస్టల్లో ఎవరూ లేరు. కబడ్డీ టీము వాళ్లు కోపం తెచ్చుకోవద్దు!

శిఖరం దగ్గర ఒక చిత్రం ఉంది. అక్కడ కురిసిన చినుకు తూర్పుకు జారితే పొటోమాక్ నదిలో కలిసి అట్లాంటిక్ సముద్రానికి పోతుంది. పడమటికి జారితే ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా ఎంతో దూరం పోయి మెక్సికో సింధుశాఖలో కలుస్తుంది. మనకూ అలాంటిదే ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నేరుగా తూర్పు సముద్రానికి పోతుంది. ఈ కొండల్లోనే పుట్టిన మాచ్‌ఖండ్ మాత్రం సీలేరు అయి, శబరిలో కలిసి, చివరికి గోదావరి నీళ్లు అవుతుంది.

శిఖరానికి కొంచెం ఇవతల బిగ్ సావేజ్ సొరంగం ఉంది. పొడవు 3,294 అడుగులు, సుమారు ఒక కిలోమీటరు. లోపల దీపాలు ఉంటాయి. చలికాలంలో మంచు గడ్డకట్టి గోడలు పగలకుండా డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి దాకా తలుపులు వేసేస్తారు. సొరంగానికి తలుపులేమిటో! శిఖరం దాటాక సాలిస్‌బరీ వంతెన మీద నుంచి లోయను దాటాలి. దాని పొడవు 1,908 అడుగులు, ఎత్తు సుమారు 100 అడుగులు. కింద నది, పొలాలు, కారు రోడ్డు కనిపిస్తాయి. కార్లు కింద, సైకిళ్లు పైన. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

అక్కడి నుంచి క్యాసిల్‌మన్ నది, తరవాత యాకగేనీ నది, చివర్లో మొనాంగహీలా నది దారికి తోడు వస్తాయి. ఇవేం పేర్లు అనుకుంటున్నారా? యాకగేనీ, మొనాంగహీలా ఇంగ్లీషు పేర్లు కావు. అవి ఆ నేల మీద ముందునుంచీ ఉన్న లెనాపే అనే ఆదివాసుల మాటలు. యాకగేనీ అంటే అడ్డదిడ్డంగా పారేది అని, మొనాంగహీలా అంటే గట్లు విరిగిపడే చోటు అని అర్థం చెబుతారు. దారిలో ఒహాయోపైల్ అనే ఊరుంది. అక్కడ నది జలపాతమై దూకుతుంది. తెల్లగా నురగలు కక్కే నీళ్లు అని ఆ పేరుకు అర్థం. 1750 ప్రాంతంలో నెమకోలిన్ అనే లెనాపే నాయకుడు థామస్ క్రెసప్ అనే వ్యాపారికి కంబర్లాండ్ నుంచి మొనాంగహీలా దాకా కొండలు దాటే కాలిబాట చూపించాడు. ఆ బాటనే 1755లో బ్రిటిష్ సైన్యం వెడల్పు చేసి ఫిరంగులు నడిపించింది. రైలు వేసింది సరిగ్గా ఆ బాట మీద కాదు, నదుల పక్కన. కానీ కొండలు అవే. దారి చూపినవాళ్ల జనాన్ని తరవాత పడమటికి తరిమేశారు. ఇప్పుడు వాళ్ల వారసులు ఎక్కువమంది ఓక్లహోమా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉంటున్నారు. నదులకు పేర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

ఇక నేల సంగతి. ఇది తారు రోడ్డు కాదు, సిమెంటు కాదు. రైలు పట్టాలు తీసేసిన కట్ట మీద సున్నపురాయిని పొడిలా నలగ్గొట్టి పరిచి, రోలరుతో అణుస్తారు. ఏటి గులకరాళ్లు అయితే గుండ్రంగా ఉండి చక్రం కింద దొర్లిపోతాయి. నలగ్గొట్టిన రాయికి మూలలు ఉంటాయి కాబట్టి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. సందుల్లో పొడి దిగి, తడి తగిలితే బిగుసుకుంటుంది. రెండు పక్కలా కాలవలు తీసి నీళ్లు నిలవకుండా చూస్తారు. నీళ్లు నిలిస్తే ఏ దారైనా గోతులే, మన ఊరి దారుల్ని చూస్తే తెలియడం లేదూ. కాలవ గట్టు వైపు మట్టి ఎక్కువ, వాన కురిస్తే బురద.

ఈ దారి దానంతట అదే మిగిలిపోలేదు. రెండు సార్లు పోబోయి దక్కింది.

మొదటిది కాలవ గట్టు. ఒకప్పుడు కంచరగాడిదలు ఈ గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవల్ని లాగేవి. 605 అడుగుల ఎత్తును 74 లాకులతో మెట్లు మెట్లుగా ఎక్కించేవారు. 1924 వరదల తరవాత కాలవ మూతపడింది. 1950 తరవాత ఈ కాలవ పొడుగునా కార్ల రోడ్డు వేద్దామన్నారు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 1954 జనవరిలో రోడ్డు మంచిదే అని రాసింది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ గారికి అది నచ్చలేదు. ఆ సంపాదకీయం రాసినవాళ్లు తనతో పాటు గట్టంతా నడిచి చూసి అప్పుడు మాట్లాడాలని ఆ పత్రికకే ఉత్తరం రాశారు. వాళ్లూ సరే అన్నారు. ఆ మార్చిలో ఎనిమిది రోజులు నడక సాగింది. చాలామంది బయలుదేరారు గానీ మొత్తం దూరం నడిచినవాళ్లు తొమ్మిదిమందే. వారిలో యాభై అయిదేళ్ల జడ్జి గారు ఒకరు. పత్రిక మాట మార్చుకుంది, రోడ్డు ఆగింది. 1971లో ఆ గట్టంతా జాతీయ పార్కు అయింది.

రెండోది రైలు కట్ట. కొండలు దాటే భాగంలో రైళ్లు 1975లో ఆగిపోయాయి. అమెరికాలో చాలాచోట్ల రైలు నడిచినంత కాలమే భూమి కంపెనీది, ఆగితే పక్క రైతులకు తిరిగి పోవాలి. అలా ముక్కలైతే దారి మళ్లీ కలవదు. అందుకని 1983లో ఒక చట్టం చేశారు. ఎప్పటికైనా మళ్లీ రైలు కావలసి రావచ్చు కాబట్టి కట్టను విడగొట్టకుండా, అప్పటిదాకా బాటగా వాడుకోవచ్చు అని దాని సారాంశం. మా భూమి మాకే రావాలి అని రైతులు కోర్టుకు పోయారు. భూమి మీద హక్కు మాట మనకు కొత్తది కాదు, వాళ్ల బాధ కొట్టిపారేసేది కాదు. 1990లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెబుతూనే, నష్టపోయినవాళ్లు పరిహారం అడగవచ్చు అని కూడా చెప్పింది. ఈ ప్యాసేజ్‌లో మొదటి తొమ్మిది మైళ్లు ఒహాయోపైల్ దగ్గర 1986లో తెరిచారు. పిట్స్‌బర్గ్ పొలిమేరలో చివరి ముక్క కలిసేసరికి 2013 వచ్చింది. అంటే 27 ఏళ్లు!

బొగ్గు గనులు, రైళ్లు పోయి డీలాపడిన చిన్న ఊళ్లకు ఇప్పుడు సైకిలు వాళ్లు వస్తున్నారు. పడుకునే గదులు, తిండి కొట్లు, పంచరు వేసే షాపులు నడుస్తున్నాయి. దారిని రోడ్లు అడ్డంగా దాటే చోట్ల స్తంభాలు పాతి ఉంటాయి, సైకిలు పడుతుంది గానీ కారు పట్టదు. అక్కడ మాత్రం ఆగి రెండు వైపులా చూసుకోవాలి. నడిచేవాళ్లను దాటేటప్పుడు గంట కొట్టాలి. గట్టు పొడవునా కొన్ని మైళ్లకొకటి చొప్పున గుడారాలు వేసుకునే చోట్లు, అక్కడ చేతిపంపులు ఉంటాయి.

ఇది చదివి కేకే లైను పక్కన సైకిలు వేసుకుపోదామని ఎవరైనా అనుకుంటే ఇప్పుడే మానుకోండి. అది వదిలేసిన దారి కాదు, రాత్రీ పగలూ ఇనుప ఖనిజం గూడ్సులు తిరిగే లైను. పైగా వార్డెన్ గారు కూడా ఈ గోడపత్రిక చదువుతారు.

మనం చేయగలిగింది వాలు కొలవడం. తాపీ మేస్త్రీల దగ్గర నీళ్లు పోసిన సన్నని గొట్టం ఉంటుంది. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని 20 అడుగుల దూరంలో దారి మీద నిలబడండి. గొట్టంలో బుడగలు లేకుండా చూడండి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో ఉంటాయి కదా. నీటి మట్టం నుంచి నేల దాకా రెండు చోట్లా స్కేలుతో కొలిచి, పెద్ద కొలతలోంచి చిన్నది తీసేస్తే దారి ఎంత ఎక్కిందో తెలుస్తుంది. 20 అడుగులకు 4 అంగుళాలు ఎక్కితే 60కి 1, రైలు వాలు. సంక్రాంతి సెలవుల్లో మీ ఊరి దారిని మూడు నాలుగు చోట్ల కొలిచి, ఊరి పేరుతో కాగితం మీద రాసి తెచ్చివ్వండి. అన్ని లెక్కలూ వచ్చే సంచికలో పట్టికగా వేస్తాం.