ఢిల్లీ లేఖ: అడగడానికి వీల్లేని ప్రశ్న

ఉదయం పదకొండు గంటలకు లోక్‌సభ పత్రికా గ్యాలరీలో కూర్చున్నప్పుడల్లా నా చూపు మంత్రుల వరుస మీదికే పోతుంది. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు రోజుకు 20. అధికారులు రాసి ఇచ్చిన సమాధానాన్ని ఏ మంత్రి అయినా చదవగలరు. అసలు పరీక్ష అనుబంధ ప్రశ్నతోనే మొదలవుతుంది.

అక్సాయ్‌చిన్ మీదుగా వేసిన రోడ్డుపై 1958 అక్టోబరులోనే మన ప్రభుత్వం చైనాకు నిరసన తెలిపింది. నెహ్రూ ఆ సంగతి సభకు వెల్లడించింది మాత్రం 1959 ఆగస్టులో, సభ్యులు నిలదీసిన మీదట!

2020 సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తర సమయమే లేకుండా పోయింది. లిఖిత పూర్వక సమాధానాలే మిగిలాయి. లాక్‌డౌన్‌లో స్వస్థలాలకు బయలుదేరిన వలస కార్మికులు ఎందరు మరణించారని సభ్యులు అడిగారు. అటువంటి లెక్కలు లేవని కార్మిక శాఖ బదులిచ్చింది. ఎందుకు లేవని అడిగేందుకు సభలో ఎవరికీ అవకాశం లేదు.

గల్ఫ్‌లో కన్నుమూసిన భారతీయుల సంఖ్యను విదేశాంగ శాఖ దేశాలవారీగా పలుమార్లు సభ ముందుంచింది. ఆ అంకెల వెనుక ఉన్న దుఃఖం కరీంనగర్, నిజామాబాదు పల్లెలకు తెలుసు. పరాయి గడ్డపై పోయినవారికి లెక్క ఉన్నది. సొంత రహదారులపై పోయినవారికి లేదు!

ఈ గంటను గందరగోళంతో హరించే సభ్యులు, వారు ఏ పక్షం వారైనా, ఒకటి గుర్తించాలి. ప్రశ్న వినబడని సభలో ఊపిరి పీల్చుకునేది మంత్రి ఒక్కరే.