కోరంటి దవాఖానంటే భయమెందుకు?

"ఏ మందైనా రాయుండ్రి గానీ, కోరంటికి మాత్రం పంపకుండ్రి సారూ" అని చేతులు జోడించింది ఒక పెద్దమ్మ. పక్కన ఆరేళ్ళ మనవడు. మూడు రోజులుగా జ్వరం, గొంతునొప్పి. మెడ రెండు పక్కలా వాచింది. నోరు తెరిపించి చూస్తే గొంతులో బూడిదరంగు పొర. డిప్తీరియా. మన పెద్దలు కంఠసర్పి అనేవారు. ఆ పొర ఊపిరి గొట్టానికి అడ్డం పడితే పిల్లవాడు ఊపిరాడక చనిపోతాడు. దాని విషం గుండెకు పాకినా ప్రమాదమే. ఆమెకు ఇవన్నీ విడమరచి చెప్పే వ్యవధి లేదు. "అక్కడికి పంపకపోతే పిల్లవాడు దక్కడమ్మా" అన్నాను. ఏడుస్తూనే లేచింది. పిల్లవాడు బతికాడు. కాని ఆ మూడు రోజులూ ఇంట్లో ఎందుకు ఉంచారని తరువాత అడిగితే, "కోరంటికి పోయినోళ్ళు తిరిగి రారంటరు గదా" అంది.

ఈ మాట హైదరాబాదులో ఇప్పటిది కాదు. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి జనం పెట్టుకున్న పేరు కోరంటి. 'క్వారంటైన్' అన్న ఇంగ్లీషు మాట మన నోట నలిగి కోరంటి అయింది. (కోరింత దగ్గుకూ దీనికీ సంబంధం లేదు. చాలామంది పొరబడుతుంటారు.) 1915లో ఎర్రన్నగుట్ట దగ్గర చిన్న ఆసుపత్రిగా మొదలై, 1923లో నల్లకుంటకు వచ్చింది. ప్లేగు, కలరా, మశూచి ఊళ్ళను ఊడ్చిపెట్టే రోజులవి. రోగిని వేరుచేసి ఉంచడం తప్ప వైద్యుడి చేతిలో గట్టి ఆయుధం లేదు. యాంటీబయాటిక్కులు ఇంకా పుట్టలేదు. అటువంటప్పుడు లోపలికి వెళ్ళినవారిలో చాలామంది తిరిగి రాలేదంటే ఆశ్చర్యం లేదు. జనం భయపడటంలో తప్పూ లేదు. కాని మశూచి 1970లలోనే మన దేశం విడిచిపోయింది. డిప్తీరియాకు విరుగుడు మందుంది, టైఫాయిడుకు మందులున్నాయి. రోగం స్వరూపం మారినా పేరు పట్టుకున్న భయం మాత్రం మారలేదు.

అసలీ నగరంలో వైద్యం కథ చాలా పాతది. పాతబస్తీలో దారుల్‌షిఫా అనే పేట ఉంది చూడండి, ఆ మాటకు అర్థమే 'ఆరోగ్యాలయం'. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన యునానీ వైద్యాలయం అది. రోగులను ఉంచుకుని వైద్యం చేయడమే కాదు, శిష్యులకు చదువూ చెప్పేవారు. పాశ్చాత్య వైద్యం చదువు ఇక్కడ 1846లో మొదలైంది. రెసిడెన్సీ డాక్టరు మెక్లీన్ ఆధ్వర్యంలో ఆనాటి నిజాం మెడికల్ స్కూలు తెరిపించాడు. బోధన ఉర్దూలో జరిగేది. శరీరశాస్త్రం, శస్త్రచికిత్స కూడా విద్యార్థి తనకు తెలిసిన భాషలోనే నేర్చుకునేవాడు. రోగితో మాట్లాడటం వాళ్ళకు మాకంటే సులువై ఉంటుంది. మేము ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో రాసి, చివరికి "రోజుకు మూడుసార్లు" అన్నది కూడా మందుల దుకాణం కుర్రవాడి చేత చెప్పిస్తున్నాం.

ఆ స్కూలు పేరు లండన్ దాకా వినిపించింది క్లోరోఫారం వల్ల. మత్తిచ్చినప్పుడు అప్పుడప్పుడు రోగి బల్లమీదే పోయేవాడు. ముందు ఆగేది గుండా, ఊపిరా? స్కూలుకు పెద్దగా ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, "ఊపిరే ముందు ఆగుతుంది, నాడి పట్టుకు కూర్చోకండి, ఊపిరి కనిపెట్టండి" అని వాదించాడు. 1888లో ఒక కమిషను వేసి జంతువులమీద పరీక్షలు చేయించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, మీ నిపుణుణ్ణే పంపి తేల్చండన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువులమీద పరీక్షలు జరిపి లారీ మాటే ఒప్పన్నారు. అక్కడికి తేలిపోయిందనుకున్నారు గాని తేలలేదు. క్లోరోఫారం గుండె లయను హఠాత్తుగా తప్పించి చంపగలదని 1911లో లెవీ అనే ఇంగ్లండు వైద్యుడు చూపించాడు. అంటే లారీ సగమే ఒప్పు. అయినా ఊపిరిమీద కన్ను వేసి ఉంచమన్న మాట ఈనాటికీ మత్తు డాక్టర్లకు మొదటి పాఠమే. ఆ కాలంలోనే రూపా బాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ వనిత ఈ స్కూల్లో చదివి, ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చేది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనంటారు.

ఇప్పుడు క్లోరోఫారం లేదు. మత్తు చాలా భద్రమైనదైంది. అయినా రోగి ఇంటివాళ్ళవల్ల వచ్చే ప్రమాదం ఒకటి మిగిలి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పసివాడికి హెర్నియా ఆపరేషను. పాలు పట్టకూడదని రాత్రే చెప్పాం. పొద్దున్న ఏడుస్తున్నాడని నాయనమ్మ గ్లాసెడు పాలు పట్టి, మేము తిడతామని చెప్పలేదు. మత్తులో ఉండగా వాంతయి పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి. పదకొండు రోజులు పోరాడి గట్టెక్కించాం. కనుక గుర్తుంచుకోండి: మత్తుకు ముందు భోజనం, టిఫిను, పోతపాలు ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్ళు రెండు గంటలు ఆపాలి. పొరబాటున పట్టితే చెప్పేయండి. ఆపరేషను వాయిదా పడుతుంది, అంతే. ఉబ్బసం, రక్తపోటు, ఊడే పన్ను, వాడుతున్న మాత్రలు, ఇవీ దాచకండి.

అఫ్జల్‌గంజ్ దవాఖాన సంగతి చెప్పాలి. 1866లో మూసీ ఒడ్డున కట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు అదీ పోయింది. వేలమంది చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మందిదాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఉన్నచోటే విన్సెంట్ ఎష్ గీసిన నమూనా ప్రకారం ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన చెరువులు ఊరికి మంచినీళ్ళూ ఇచ్చాయి. కలరా తగ్గడంలో నా దృష్టిలో ఏ ఆసుపత్రికంటే ఆ గొట్టాల నీళ్ళకే ఎక్కువ పాలు దక్కాలి. అయితే గొట్టం పగిలి పక్క మురుగు కలిస్తే గొట్టంనీరూ నూతినీరూ ఒకటే. నీళ్ళకు రంగో వాసనో వస్తే బాగా తెర్లించి చల్లార్చి తాగండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టండి.

మలేరియా సంగతి కూడా ఇక్కడిదే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమ అది. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కోరంటి దవాఖానకు అధికారికంగా పెట్టింది ఆయన పేరే. కాని ఆ పేరు చెప్పి ఆటోవాణ్ణి పిలిస్తే నల్లకుంట చేరడం కష్టం!

నీలోఫర్ పిల్లల దవాఖాన వెనకా ఒక మరణం ఉంది. 1949లో నీలోఫర్ రాకుమారి దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయిందట. ఇంకో తల్లికి అలా జరగకూడదని రాకుమారి పట్టుబట్టగా 1953లో ఆసుపత్రి వచ్చింది.

కోరంటికి ఇప్పుడు వచ్చే కేసుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది కుక్కకాటు. పిచ్చికుక్క విషం మెదడుకెక్కి, నీళ్ళు చూసి బెదిరే స్థితి వచ్చాక మేము చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అంతకుముందైతే అంతా చేయగలం. కరవగానే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. కట్టు కట్టకండి. అదే రోజు టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ వేసే వేరే మందు కూడా కావాలి, అడిగి వేయించుకోండి. కుక్కపిల్లే కదా, చిన్న గీతే కదా అనుకోవద్దు.

డిప్తీరియా టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. తరువాత పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య ఒకటి, అయిదారేళ్ళకు ఒకటి. పదేళ్ళకూ పదహారేళ్ళకూ టి.డి. ఆ పెద్దమ్మ మనవడికి మొదటి నాలుగూ వేయించారు. అయిదేళ్ళది మరచిపోయారు. కార్డు బీరువాలోనే ఉందట.