నాగా వేరు, సెలవు వేరు

పనిమనిషి ఒక దినము రానిచో “నేడు నాగా పెట్టినది” అందుము. నెలాఖరున ఆ దినపు జీతము కోసివేయుదుము. ఆమె జ్వరముతో పడుకొన్నను, కూతురి పురిటికి పోయినను మాట ఒక్కటే. సెలవు అను పదమును మన ఉద్యోగములకే ఉంచుకొంటిమి. నాగా అన్నచో తప్పు; సెలవు అన్నచో హక్కు.

భూపాలపల్లి బొగ్గు గనుల ఊరు. అచట భూగర్భమున పనిచేయు సింగరేణి కార్మికునకు, వలసినంత హాజరున్నచో, 15 దినముల పనికొక దినము చొప్పున జీతముతో కూడిన సెలవు చట్టము వలననే లభించును. ఆ కార్మికుని ఇంటనే అంట్లు తోము స్త్రీకి అట్టి లెక్క లేదు. చట్టము గనిలోనికి దిగినది గాని ఇంటి గడప దాటలేదు.

జనగామ ప్రాంతమున దీనికి పాత కథ కలదు. నిజాము కాలమున దేశముఖుల గడీలలో వెట్టిచాకిరి సాగెను. దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు దాసిని వెంట పంపు ఆచారము గూడ ఉండెను. కూలియే లేనిచోట సెలవు ప్రసక్తి యెక్కడిది? 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప రేగిన పోరాటముతో వెట్టి కూలినది. జీతము వచ్చినది; సెలవు మాత్రము దాని వెంట రాలేదు.

2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇంటిపనిని కనీస వేతనముల జాబితాలో చేర్చెను. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టము ఇంటి పనివారిని కార్మికులుగా గుర్తించెను. రెంటిలోను సెలవు ఊసు లేదు. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశము 189వ ఒడంబడికను ఆమోదించినది. వారమునకు ఎడతెగని 24 గంటల విశ్రాంతి, ఇతర కార్మికులతో సమానముగ వార్షిక సెలవు అందు కలవు. సెలవు దినములలో యజమాని ఇంటనే ఉండుమని నిర్బంధింపరాదనియు కలదు. మన దేశము దీనిని ధ్రువీకరింపలేదు.

ఇక పండుగల మాట. మహబూబాబాదు చుట్టుపట్ల తండాలలో తీజ్ తొమ్మిది దినముల వేడుక. ఊళ్ళలో బతుకమ్మ తొమ్మిది దినములు. మనకు పండుగ యన్నచో పనిమనిషికి రెట్టింపు పని. సద్దుల నాడు పెందలకడనే రమ్మని మేమును కబురంపినవారమే. ఆమె తన బతుకమ్మను ఎప్పుడు పేర్చుకొనెనో అడుగలేదు.

వారమునకు ఆరు దినములు వచ్చు మనిషి ఏటికి సుమారు 300 దినములు పనిచేయును. ఫ్యాక్టరీ కార్మికునకు 1948 చట్టము పెట్టిన కొలత 20 దినములకు ఒకటి. ఆ కొలతనే పట్టినచో ఆమెకు 15 దినములు రావలెను. ఏ దినములు కావలెనో ముందుగా ఆమెనే అడిగి, గోడనున్న క్యాలెండరులో గుర్తు పెట్టవచ్చును. ఆ నెల జీతము మాత్రము పూర్తిగా ఈయవలెను.