లెక్క వేయువారు – లెక్కలోని వారు

కొత్త అమావాస్యనాడు మా అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర, మరునాడు ఉగాది. జాతర అలసట తీరకమునుపే ఊరి పెద్దలు పంచాంగ శ్రవణమునకు కూర్చుందురు. సిద్ధాంతిగారు నవనాయకులను వరుసగా చదువుచుండగా సేద్యగాండ్రు మేఘాధిపతి ఎవరని చెవియొగ్గుదురు. బెల్లపు వర్తకులు రసాధిపతి పేరు రాగానే సర్దుకొని కూర్చుందురు. బెల్లము, నేయి, నూనె మొదలైన రసవస్తువుల ధరవరలు ఆయన చేతిలోనివని కదా నమ్మకము! ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు విని నవ్వుకొనువారు కొందరు, దిగులుపడువారు కొందరు. ఎవరి రాశి ఫలము వారు విని, ఇంటిదారి పట్టుదురు.

ఆ పంచాంగములో రెండు విధములైన భవిష్యత్తులు కలవని మనము సాధారణముగా గమనింపము. ఒకటి గ్రహణము. ఏనాడు ఎన్ని గడియలకు పట్టునో, ఎప్పుడు విడుచునో గణితము చెప్పును, అది తప్పదు. రెండవది ఫలము. అది ఒకనాడు కుదురును, ఒకనాడు కుదరదు. గ్రహణము తప్పకపోవుటకు గణితము గొప్పతనము ఒక కారణము. మరియొక కారణము కూడ కలదు: సూర్యచంద్రులు పంచాంగము వినరు. తమను గూర్చి ఏమి వ్రాసినారో వారికి తెలియదు. మనుష్యులు విందురు. విని భయపడుదురు, ఆశపడుదురు, పొలము అమ్ముదురు, పిల్లవానిని బడి మాన్పింతురు, లేదా మునుపటికంటె మిన్నగా పాటుపడుదురు. కనుక మనుష్యులను గూర్చి చెప్పిన భవిష్యత్తు, చెప్పిన క్షణమునుండియే, తాను చెప్పిన విషయమును మార్చుట మొదలుపెట్టును.

ఇరువది, ముప్పది ఏండ్ల తరువాత సంఘము ఎట్లుండునో, ఏ యంత్రము వచ్చి ఏ వృత్తిని మార్చునో ముందుగా లెక్కగట్టుట ఈ కాలమున ఒక విద్యగా పెరిగినది. ప్రభుత్వములు దానిని నమ్మి చట్టములు చేయుచున్నవి. తల్లిదండ్రులు దానిని నమ్మి బిడ్డల చదువులు నిర్ణయించుచున్నారు. అందుచేత ఆ విద్య బలమెంతయో, ఎచ్చట తప్పుదారి పట్టునో ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనుట అవసరము.

దూరకాలమును గూర్చి చెప్పుట మనవారికి కొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము ఊరూర వినబడినదే. ఏ వింత జరిగినను ‘ఇది బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినారు’ అనుట మనకు అలవాటు. దానిపై భక్తి వేరు సంగతి. కాని అట్టి వాక్యములకు సంఘటన జరిగిన పిదపనే అర్థము కుదురును. ఆధునికమైన అంచనా ఇందుకు భిన్నముగా ఉండవలెను. సంవత్సరము చెప్పవలెను, సంఖ్య చెప్పవలెను, కారణము చెప్పవలెను. అప్పుడే అది తప్పినప్పుడు తప్పినదని తెలియును. తప్పుటకు వీలున్న మాటకే శాస్త్రములో చోటు.

అటువంటి అంచనా యొకటి మన దేశమును గూర్చియే 1967లో వెలువడినది. అమెరికాలో విలియం పాడక్, పాల్ పాడక్ అను సోదరులు ‘ఫామిన్ 1975’ అను పుస్తకము వ్రాసినారు. 1975 నాటికి మహాక్షామము తప్పదనియు, అందరిని ఆదుకొనుటకు అమెరికా ధాన్యము చాలదనియు, కొన్ని దేశములను వాటి గతికి వదలక తీరదనియు వారు తేల్చినారు. అట్లు వదలవలసిన వానిలో భారతదేశమొకటి. వారి లెక్క నిరాధారమైనది కాదు. వరుసగా రెండేండ్లు వానలు తప్పి, ఓడలలో వచ్చు గోధుమల కొరకు మనము ఎదురుచూచిన రోజులవి.

అదే 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అను యువ రైతు ఐఆర్-8 అను కొత్త వరి వంగడమును తన పొలములో వేసినారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానిని రూపొందించినది. కాడ పొట్టి, ఎరువు దండిగా వేసినను పైరు పడిపోదు. తరువాతి కాలమున ఆయనకు ‘మిస్టర్ ఐఆర్-8’ అను పేరే స్థిరపడినది. ఆయన వంటి రైతులు, శాస్త్రజ్ఞులు, కాలువలు, 1965లో ఏర్పడిన ఆహార సంస్థ – ఇవన్నియు కలిసి దేశపు గాదెను నింపినవి. 1975 వచ్చినది, పోయినది. ఆ పుస్తకములో చెప్పిన మహాక్షామము రాలేదు. పాడక్ సోదరులు కూడికలో పొరబడలేదు. కూడికలోనికి ఎక్కని మనిషిని మరచినారు.

రెండవ ఉదాహరణము ఒక చట్టము. జనాభా మితిమీరునను భయముతో, ఇద్దరికి మించి సంతానము కలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదని ఆంధ్రప్రదేశ్‌లో 1994లో నియమము పెట్టినారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము రాష్ట్రములో స్త్రీకి సగటున 1.7 బిడ్డలు మాత్రమే. జనాభా తరుగక నిలుచుటకు సుమారు 2.1 కావలెను. 2024 నవంబరులో శాసనసభ ఆ నియమమును తొలగించినది. నాడు బిడ్డలు ఎక్కువ యగుదురని భయము. నేడు వృద్ధులు ఎక్కువ యగుదురని భయము. ముప్పది ఏండ్లలో, అనగా ఒక ఉపాధ్యాయుని ఉద్యోగ కాలములో, భయము తలక్రిందులైనది.

ఈ రెంటికంటె మనకు దగ్గరిది ‘విజన్ 2020’. 1999 జనవరిలో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రభుత్వము, మెకిన్సీ అను సలహా సంస్థ తోడ్పాటుతో, ఇరువది ఏండ్ల తరువాతి ఆంధ్రప్రదేశ్‌ను వర్ణించు ఈ పత్రమును వెలువరించినది. సమాచార సాంకేతిక రంగమును గూర్చి అందులో పెట్టుకొన్న ఆశ చాలవరకు ఫలించినది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూర్ పరిసరములను నేడు చూచినవారు కాదనలేరు. 2014 జూన్ 2న ఆ రాష్ట్రమే రెండగునని అందులో లేదు. 2020వ సంవత్సరము రానే వచ్చి, కంటికి కనబడని క్రిమి ఒకటి దేశములోని బడులన్నిటికి తాళము వేయించునని లేదు. వీనికై ఆ పత్రమును నిందింపరాదు. అవి ఎవరికిని తెలియనివి.

చర్చింపదగినది వేరొకటి ఉన్నది. భూమిని నమ్ముకొని బ్రతుకువారు నూటికి డెబ్బది నుండి నలుబదికి తగ్గుదురను ఊహ. పరిశ్రమలు పెరిగిన దేశములలో అట్లే జరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేను తెలుగు చెప్పుకొనువాడను గనుక నాకు తోచు ప్రశ్న వ్యాకరణమునకు సంబంధించినది. ‘తగ్గుదురు’ అన్నారా, ‘తగ్గింతురు’ అన్నారా? మొదటిది అకర్మకము, దానంతట అది జరుగునది. రెండవది సకర్మకము, ఒకరు చేయునది, మరొకరు పడునది. బడిపిల్లలకు చెప్పు ఈ భేదముపై ఒక రాష్ట్రపు రైతుల బ్రతుకు నిలిచి యుండును. అంచనా అను ముసుగులో సంకల్పము దాగియున్నప్పుడు, ఆ సంకల్పము ఎవరిదని అడుగుట పౌరుని హక్కు.

ఆ ప్రశ్నను 2001లో కొందరు రైతులే అడిగినారు. నాటి మెదక్ జిల్లాలో, జహీరాబాదు సమీపమున, అల్గోలు గ్రామములో జూన్ చివరి వారమున ‘ప్రజాతీర్పు’ అను సభ జరిగినది. న్యాయస్థానములోని జ్యూరీవలె పంతొమ్మిదిమంది కూర్చుండినారు. వారిలో అధికులు చిన్న కమతములవారు, దళితులు, స్త్రీలు. రాబోవు ఇరువది ఏండ్లకు మూడు మార్గములను వారికి వీడియో చిత్రములుగా చూపినారు. మొదటిది విజన్ 2020 చెప్పిన యంత్రసేద్యపు మార్గము. రెండవది సేంద్రియ పంటలను విదేశములకు ఎగుమతి చేయు మార్గము. మూడవది ఊరి తిండిని ఊరనే పండించుకొను స్వావలంబన మార్గము. అధికారులు, శాస్త్రజ్ఞులు, వ్యాపార సంస్థలవారు వచ్చి సాక్ష్యము చెప్పగా జ్యూరీవారు ప్రశ్నించినారు. డెబ్బదిని నలుబది చేయుట తమకు సమ్మతము కాదన్నారు. కూలి పనిని మింగు యంత్రములు వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. నేల సారము, పంటల వైవిధ్యము, వనరులపై ఊరి అదుపు నిలువవలెనన్నారు.

ఈ సభపై విమర్శలు రాకపోలేదు. నిర్వాహకులకే ఒక వైపు మొగ్గు కలదని, సాక్ష్యముల తూకము సరిగా లేదని అన్నారు. 2002లో నివేదిక వెలువడగా బ్రిటన్‌లో పెద్ద వాదమే నడచినది. పంతొమ్మిదిమంది మాట కోట్లమంది మాట కాజాలదు. ఆ విమర్శను తోసివేయవలసిన పని లేదు. అయినను, లెక్కలో అంకెలుగా ఉన్నవారు లేచి లెక్క వేయువారిని ప్రశ్నించిన సందర్భములు మన చరిత్రలో ఎక్కువ లేవు.

తరువాత జరిగినదేమో జనగణన చెప్పును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో సేద్యగాండ్రు సుమారు 78 లక్షలు. 2011లో సుమారు 65 లక్షలు. అదే పదేండ్లలో వ్యవసాయ కూలీలు 1 కోటి 38 లక్షల నుండి సుమారు 1 కోటి 70 లక్షలకు పెరిగినారు. రైతుల సంఖ్య తరిగినది, నిజమే. కాని పొలములలో కూలికి పోవువారి సంఖ్య అంతకు రెట్టింపుకంటె మించి పెరిగినది. గీత దిగుట లెక్క వేయువాని కాగితముపై కనబడును. దిగిన మనిషి ఏ మెట్టుపై నిలిచినాడో ఆ మనిషినే అడిగి తెలిసికొనవలెను.

ఇంత చెప్పినందున దూరాలోచన కూడదని నా అభిప్రాయము కాదు. మా ఊరి చెరకు పరిశోధన కేంద్రము 1913లో పుట్టినది. ఒక చెరకు వంగడము సంకరము నుండి రైతు పొలము చేరుటకు పదేండ్లకు తక్కువ పట్టదు. 87ఎ298 అను రకమును ఈ ప్రాంతపు రైతులు ఎరుగుదురు. అందలి 87 అనునది 1987ను సూచించును. నేడు పని మొదలిడు శాస్త్రజ్ఞుడు పదేండ్ల తరువాతి వానను, తెగులును ఊహింపవలెను. కాని ఆయన ఒక్క మొలకనే నమ్ముకొనడు. వేల మొలకలు పెంచి, ఏటేట ఏరివేసి, మిగిలినదానిని రైతు పొలములో వేసి, రైతు మాట వినును. తాను పొరబడవచ్చునని ముందే ఎరిగి, దిద్దుకొను దారి ఉంచుకొని సాగు ఊహ అది. సంఘమును గూర్చి లెక్క వేయువారికి ఇంతకంటె మంచి గురువు లేడు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకొందును. 2000వ సంవత్సరమున, నేను కొత్తగా పాఠములు చెప్పుచున్న రోజులలో, చెరకు రైతు కుమారుడొకడు నా వద్దకు వచ్చినాడు. వారికి రెండెకరముల చెరకు తోట. తండ్రికి తోడుగా ఉండనా, పట్నము పోయి కంప్యూటర్ నేర్వనా అని అడిగినాడు. పత్రికలలో చదివిన అంచనాలు నా తలలో ఉన్నవి. ‘సేద్యమునకు భవిష్యత్తు లేదు, పొమ్ము’ అన్నాను. ఆ తోటలో ఏటికి ఎన్ని పాకముల బెల్లము దిగునని గాని, తండ్రి మనస్సులో ఏమున్నదని గాని నేను అడుగలేదు. అతడు హైదరాబాదు పోయి బాగుపడినాడు. తండ్రి కొన్నాళ్లు కార్శి తోటతో నెట్టుకొని వచ్చి, వెనుక ఎవరు చేయుదురని భూమి అమ్మివేసినాడు. ఈ మధ్య అతడు మా ఇంటికి వచ్చి, టీ త్రాగుచు మెల్లగా అన్నాడు: “మాస్టారూ, మీరు చెప్పినట్టే జరిగిందండి. మీరు చెప్పారు కాబట్టే జరిగిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.”

ఆ మాటలో నింద లేదు. అందువలననే అది నన్ను వదలలేదు. తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారములో గానుగ ఆగి ఏండ్లు గడచినవి. బెల్లపు పొయ్యి వద్ద పనివారు దొరకుట కష్టమైనది. నేను చెప్పకపోయినను ఆ భూమి చేయి మారియుండునేమో. కాని చెప్పినవాడను నేను. ‘లేదు’ అను మాటను అంచనావలె పలికి ఆజ్ఞవలె వినిపించినవాడను నేను.

ఉపాధ్యాయులమగు మనము ప్రతిదినము దూరకాలపు జోస్యములు చెప్పుచునే యున్నాము. ‘వీనికి లెక్కలు రావు’ అందుము. ఆ బాలుడు విని లెక్కలు విడిచిపెట్టును. ‘నీవు పైకి వత్తువు’ అందుము. ఆ బాలిక విని నిద్ర మానుకొని చదువును. పిల్లలు సూర్యచంద్రులు కారు. మన మాట వారి చెవిని పడును.

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ‘స్వర్ణాంధ్ర 2047’ అను దృక్పథ పత్రమును వెలువరించినది. నేడు పదిహేనేండ్ల బాలిక ఆనాటికి నలుబదికి చేరువగా ఉండును. ఆ పత్రములోని అంకె ఆమెయే. కనుక ఒక చిన్న పని చేయదగును. తరగతిలో ప్రతి విద్యార్థిచేత తన ఊరు 2047లో ఎట్లుండునో ఒక పుట వ్రాయింపుడు. మూడు ప్రశ్నలకు అందులో సమాధానము ఉండవలెను: ఈ అంచనాకు కారణమేమి? ఏమి జరిగినచో ఇది తప్పును? ఇందులో ఎవరి బ్రతుకు మారును, వారిని అడిగినావా? మూడవ ప్రశ్నకు సమాధానము గ్రంథాలయములో దొరకదు. పిల్లలు లేచి తోటల గట్లకు, బెల్లపు మండీలకు, తమ ఇంటి వంటగదులకు పోయి అడుగవలెను.

వ్రాసిన పుటలను బడి బీరువాలో భద్రపరుపుడు. వానిలో పెక్కు తప్పిపోవును. తప్పిన పుటలు తీసి చదువుకొనునాడు, ఏ మనిషిని అడుగుట మరచితిమో తెలిసివచ్చును. నేను 2000లో అడుగుట మరచినది ఒక తండ్రిని.