రేసు ఆగినా... రైడింగ్ ఆగలేదు!

పాల్వంచ నుంచి భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లలో మట్టిబాట మీద బండి నడిపే కుర్రాళ్లకు బ్యాలెన్స్ ఒకరు నేర్పక్కర్లేదు. మరి దాంతో బతుకుదెరువు దొరుకుతుందా? సి.ఎస్.సంతోష్ కెరియర్ చూడండి.

బెంగళూరుకు చెందిన సంతోష్ మోటోక్రాస్‌లో ఎదిగి, ఎడారి ర్యాలీల బాట పట్టాడు. 2015లో అర్జెంటీనా, చిలీ, బొలీవియాల్లో సాగిన డకార్ ర్యాలీని 36వ స్థానంలో ముగించాడు. దాన్ని పూర్తిచేసిన తొలి భారతీయుడు అతనే. 2021లో సౌదీ అరేబియాలో అదే ర్యాలీలో కిందపడి తలకు దెబ్బ తగిలింది. డాక్టర్లు కొన్నాళ్లు కోమాలోనే ఉంచి వైద్యం చేశారు. తర్వాత కోలుకున్నాడు.

ఒక్క దెబ్బతో ఆగిపోయే కెరియర్ ఇది. కానీ అప్పటికే సంతోష్‌కు రెండో పని ఉంది. తెలుగు బాగా వినిపించే కోలార్ ప్రాంతంలో పెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్క్‌లో రైడర్లకు శిక్షణ ఇస్తారు.

బాగా నడపడం వేరు, నేర్పడం వేరు. ఫుట్‌పెగ్‌ల మీద ఎలా నిలబడాలి, మోకాళ్లతో ట్యాంకును ఎంత గట్టిగా పట్టాలి, చూపు ఎక్కడ ఉండాలి... ఇలా ఒక్కొక్కటీ విడమర్చి చెప్పగలిగితేనే ట్రైనర్ అవుతారు.

మీకూ ఆసక్తి ఉందా? డిగ్రీ మాత్రం వదలొద్దు. అడవిలో, రోడ్ల మీద ప్రాక్టీస్ అసలే వద్దు. హెల్మెట్, బూట్లు, గార్డులు వేసుకుని ట్రాక్ మీదే నేర్చుకోండి. జాతీయ పోటీలకు ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ కావాలి. ప్రథమ చికిత్స, సస్పెన్షన్ సెట్టింగ్ కూడా నేర్చుకుంటే రేపు మీరు దిగాల్సిన రోజు వచ్చినా ట్రాక్ మీద మీకు పని ఉంటుంది.